పొలమారిన ప్రతిసారీ

అన్నం తింటూ ఎవరికైనా పొలమారితే మన ఇళ్ళల్లో ఏం చేస్తామో మీకు తెలుసు. నడినెత్తి మీద అరచేత్తో తడుతూ ‘ఎవరో తలుచుకుంటున్నారు’ అంటాం. 2011లో మా చెల్లెలి ఇంట్లో ఒక పసిబిడ్డకు పూటపూటకూ పొలమారేది. పాలు పట్టినా, జావ పట్టినా, చివరికి మంచినీళ్ళు పట్టినా అంతే. మొహం కమిలిపోయి, కళ్ళలో నీళ్ళు తిరిగి, కాసేపు ఊపిరి అందక అల్లాడేది. ఆ చిన్న నెత్తి మీద తడుతూ మా చెల్లెలు ఆ మాటే అనేది. నేనూ అన్నాను. ఒకసారి కాదు.

అప్పటికి నేను పిల్లల డాక్టరుగా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇరవై రెండేళ్ళు పనిచేశాను. మాటిమాటికీ పొలమారే పసిబిడ్డకు తిండి కొంత దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతోందని నాకు తెలుసు. తెలుసు అనడం కూడా పూర్తిగా నిజం కాదేమో. పరీక్షలో రాసేటంత తెలుసు, హౌస్‌సర్జన్లకు చెప్పేటంత తెలుసు. చెల్లెలి వసారాలో కుర్చీ వేసుకుని కాఫీ తాగుతున్నప్పుడు మాత్రం అది గుర్తుకు రాలేదు. గుర్తుకు రాలేదో, తెచ్చుకోవడం ఇష్టం లేకపోయిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఆ పాప మా అన్నయ్యకు మనవరాలు, మా చెల్లెలికీ మనవరాలే. అన్నయ్య కూతుర్ని చెల్లెలి కొడుక్కిచ్చి 2009లో పెళ్ళి చేశాం. మాటలప్పుడు నేనూ ఉన్నాను. పిల్ల మన కళ్ళ ముందు పెరిగింది, కట్నం దగ్గర బేరాలుండవు, పొలం బయటికి పోదు, రేపు మంచాన పడితే చూసేది పరాయిపిల్ల కాదు. ఇలా అన్నీ అనుకూలంగానే కనపడ్డాయి. ‘డాక్టరువి కదా, నువ్వేమంటావు?’ అని నన్నెవరూ అడగలేదు. నేనూ నోరు విప్పలేదు. మేనరికంలో పుట్టే పిల్లలకు లోపాల ముప్పు మామూలుకన్నా దాదాపు రెట్టింపని, మా ఇంట్లో తరం వెంట తరం అదే జరుగుతోంది కాబట్టి ఆ ముప్పు ఇంకా పెరిగి ఉంటుందని చెప్పవలసింది. చెప్పినా పెళ్ళి ఆగేది కాదు. కానీ నేను చెప్పకపోవడానికి కారణం అది కాదు. అన్నయ్య నొచ్చుకుంటాడని. పైగా నాదీ మేనరికమే. నా పిల్లలిద్దరూ ఆరోగ్యంగా పుట్టారు. నాకు జరగనిది ఎవరికీ జరగదన్నట్టు ఊరుకున్నాను.

పాప తల ఉండవలసినదానికన్నా చిన్నది. దానికి మేనరికమే కారణమని ప్రమాణం చేసి చెప్పలేను. జన్యు పరీక్ష చేయించలేదు. ఇలా తల చిన్నగా ఉండడాన్ని మైక్రోసెఫలీ అంటారు, దానికి కారణాలు చాలా ఉన్నాయి. కడుపుతో ఉండగా తల్లికి రుబెల్లా సోకినా, సైటోమెగలో వైరస్ సోకినా, టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి సోకినా బిడ్డ మెదడు ఎదగకపోవచ్చు. కాన్పులో ఊపిరందక మెదడు దెబ్బతిన్నా తర్వాత తల పెరగడం ఆగిపోవచ్చు. మా మేనకోడలికి మూడో నెలలో రెండు రోజులు జ్వరం వచ్చి ఒళ్ళంతా సన్నగా పేలింది. ‘వేడి చేసింది, మజ్జిగ తాగు’ అన్నాం. ఫోన్‌లో అన్నది నేనే. రుబెల్లా కడుపులోని బిడ్డను దెబ్బతీస్తుందని ఆస్ట్రేలియాలో నార్మన్ గ్రెగ్ అనే కంటి డాక్టరు 1941లోనే గుర్తించాడు. 1969 నాటికి టీకా వచ్చింది. మన రాష్ట్రాల్లో బళ్ళకు వెళ్ళి పిల్లలందరికీ ప్రభుత్వం ఆ టీకా వేయడం 2017 ఆగస్టులో గాని మొదలుకాలేదు. అప్పటిదాకా మేం డాక్టర్లం కొనుక్కోగలిగిన వాళ్ళ పిల్లలకు ఆ టీకా రాసిచ్చాం. కొనలేని వాళ్ళ సంగతి మీటింగుల్లో కూడా ఎత్తలేదు. మా అన్నయ్య కొనగలిగినవాడే. నేనే చెప్పలేదు.

పాప పుట్టిన ఆసుపత్రి పేరు రాయను. రాయడానికి నాకు హక్కు కూడా లేదు, ఎందుకంటే అక్కడ జరిగింది నేను పనిచేసిన చోటా జరిగేదే. డిశ్చార్జి కాగితం మీద తల చుట్టుకొలత 34 సెంటీమీటర్లు అని రాసి ఉంది. నెలలు నిండి పుట్టిన బిడ్డకు ఉండవలసిన కొలత అది. టేపు తీయకుండానే ఆ గడిలో 34 అని రాసే అలవాటు మా అందరికీ ఉంది. వార్డులో ముప్పై మంది బాలింతలుంటే, ముప్పై కాగితాల మీదా 34 ఉంటుంది. అది చూసి సంతకం పెట్టిన చేతుల్లో నాదీ ఒకటి.

తల చిన్నదన్న సంగతి ఇంట్లో కనిపెట్టింది డాక్టరు కాదు. నీళ్ళు పోసే రోజు మాడుకు ఆముదం పెట్టబోయి మా వదిన, ‘మాడు చేతికి తగలడం లేదేంటి?’ అంది. మూడు వారాల బిడ్డకు నేను టేపు పెట్టి చూశాను. 31 సెంటీమీటర్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం నెలలు నిండిన ఆడబిడ్డకు పుట్టిన రోజునే 31.5 కన్నా తగ్గకూడదు. స్కానింగు తీయించాం. మూడో నెలలో ఫిట్స్ మొదలయ్యాయి, మందు వేశాం. ఇంట్లో అందరూ నా మొహం వైపు చూస్తుంటే నేనొక మాట అన్నాను. ‘ఈ పిల్లలు ఇంతే.’

ఆ మాట నేను అంతకు ముందు ఎందరు తల్లులతోనో అన్నాను. తప్పుడు ఆశ పెట్టకూడదని అన్నాననుకునేదాన్ని. కొంతవరకు నిజమే. తల పెరిగేలా చేసే మందు లేదు, ఇవాళ కూడా లేదు. కానీ ‘ఇంతే’ అనేసరికి విన్నవాళ్ళు తల దగ్గర ఆగరు. నడవకపోయినా ఇంతే, నవ్వకపోయినా ఇంతే, బరువు పెరగకపోయినా ఇంతే. అన్న నేనూ ఆగలేదు. జబ్బుకు ఒక పేరు దొరికింది కాబట్టి ఆ బిడ్డకు జరిగే ప్రతిదాన్నీ ఆ పేరుకే కట్టేశాను.

పాప మొదటి రెండు నెలలూ తల్లిపాలు బాగానే తాగింది. పుట్టుకతో వచ్చే చీకే గుణం కొన్ని వారాలు పని చేస్తుంది. దాని స్థానంలో నాలుక, దవడ, గొంతు కలిసి చేయవలసిన పని మెదడు నేర్పాలి. దెబ్బతిన్న మెదడు ఆ పని సరిగ్గా నేర్పలేదు. అందుకే ఇలాంటి పిల్లల్లో చాలామందికి కష్టం మూడో నెల దాటాక బయటపడుతుంది. మా పాప రొమ్ము దగ్గర ఏడవడం మొదలుపెట్టింది. వెనక్కి విల్లులా వంగిపోయేది. బిడ్డ చీకకపోతే తల్లికి పాలు తగ్గుతాయి. అది మా ఇంట్లో ‘దానికి పాలు పడలేదు’ అయింది. తప్పు మేనకోడలి మీదికి పోయింది. కాదని నేను అనవలసిన చోట డబ్బాపాలు రాసిచ్చాను. డబ్బా ఖరీదెక్కువని కొన్నాళ్ళకు గేదెపాలు. గేదెపాలు అరగవని సగానికి సగం నీళ్ళు. పలచగా ఉంటే తేలిగ్గా మింగుతుందని కూడా అనుకున్నాం.

అది తలకిందులు. గొంతు పట్టు లేని బిడ్డకు అన్నిటికన్నా ప్రమాదం నీళ్ళలాంటి పదార్థమే. మింగే లోపే జారి గాలిగొట్టంలోకి పోతుంది. కొంచెం చిక్కగా, ఉండల్లేకుండా మెత్తగా ఉన్నదే నాలుక మీద నిలుస్తుంది, అదుపులో దిగుతుంది. నీళ్ళు కలిపి మేం రెండు పనులు ఒకేసారి చేశాం. అందులో ఉన్న కాస్త బలాన్నీ సగం చేశాం, దాన్ని ఊపిరితిత్తుల్లోకి పోయేలా చేశాం.

ఇక ఉగ్గుగిన్నె. మా అమ్మ మమ్మల్నందరినీ పెంచిన వెండి ఉగ్గుగిన్నె అది. కాళ్ళు చాపుకుని బిడ్డను కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టి, చేతులు కదలకుండా పట్టుకుని, బుగ్గలు రెండు వేళ్ళతో నొక్కి, ఏడవడానికి నోరు తెరిచినప్పుడు పోస్తారు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డలు దాన్ని ఎలాగో తట్టుకుంటారు. మేమంతా తట్టుకున్నాం. ఈ బిడ్డ తట్టుకోలేదు. తల వెనక్కి వాలితే గాలిగొట్టం బారుగా తెరుచుకుంటుంది. ఏడుస్తూ గాలి పీల్చినప్పుడు నోట్లో ఉన్నది గాలితో పాటే లోపలికి పోతుంది. ఆ గిన్నెను నేను తప్పు పట్టను. అదే గిన్నె మూతి పెదవికి ఆనించి, బిడ్డను నిటారుగా పట్టుకుని, చుక్కచుక్కగా అందిస్తే ఎంతో మంచి సాధనం. నెలలు తక్కువ పుట్టిన పిల్లలకు మా వార్డులో అలాగే పట్టించేవాళ్ళం. వార్డులో తెలిసింది ఇంట్లో ఎందుకు చెప్పలేదంటే, మా చెల్లెలు నాకన్నా ఎక్కువమంది పిల్లల్ని పెంచింది, ఆమె చేతిలో గిన్నె లాక్కుంటే బాగుండదనుకున్నాను. నిజానికి ఆమె చేతి వైపు నేను సరిగ్గా చూడనే లేదు.

ఒక్కో పూట గంటంబావు పట్టేది. చెంచాడు జావ నోట్లో పెడితే సగం నాలుకతో బయటికి తోసేసేది. ‘ఇష్టం లేదు దానికి’ అనుకున్నాం. నాలుక ముందుకు తోసుకుపోవడం కూడా ఆ జబ్బులో భాగమే. పూట తిండికి అరగంట దాటిందంటే మింగడంలో ఏదో ఇబ్బంది ఉన్నట్టేనని, ఆ బిడ్డకు చాలినంత అందడం లేదని అనుమానించాలి. దీనికి స్కానింగు అక్కర్లేదు, గోడ గడియారం చాలు. రోజుకు అయిదారు పూటలు, పూటకు గంటంబావు. మేనకోడలు ఇక మరో పని చేయలేకపోయింది. ఎప్పుడూ బిడ్డనేసుకుని కూర్చుంటుందని, వంటింట్లోకి రాదని ఇంట్లో గొణిగారు. ఒక పూట నేను పెడతాను, నువ్వు కాసేపు పడుకో అని ఆమెతో అన్నవాళ్ళు లేరు. ఆదివారాలు వెళ్ళే నేను కూడా అనలేదు.

పాప బరువు కార్డు ఇప్పుడు నా దగ్గరే ఉంది. పుట్టినప్పుడు 2.4 కిలోలు. మూడో నెలకు 4.1. ఆరో నెలకు 4.8. తొమ్మిదో నెలకు 5. పదకొండో నెలకు 4.9. పద్నాలుగో నెలకు 5.2. ఏడాది నిండిన ఆడబిడ్డ సగటున 9 కిలోలకు దగ్గరగా ఉంటుంది. మధ్యలో కొన్ని నెలలు చుక్కలే లేవు. అంగన్‌వాడీ టీచరు త్రాసు పట్టుకుని వస్తే మా చెల్లెలు ‘పడుకుంది, మళ్ళీ రా’ అని పంపేసేది. ఊళ్ళో నలుగురూ చూస్తారని. ఇంట్లో పెళ్ళి కావలసిన ఇంకో ఆడపిల్ల ఉంది, సంబంధాలకు అడ్డం వస్తుందని. టీచరు కూడా రెండు మూడుసార్లు వచ్చి మానుకుంది. పెద్దింటి వాళ్ళు, డాక్టరమ్మగారి బంధువులు, వాళ్ళకు తెలియదా అనుకుందట. అలా నా డిగ్రీ కూడా ఆ బిడ్డకు అడ్డం పడింది.

‘తల చిన్నదైతే ఒళ్ళూ చిన్నదే కదా’ అని మీరు అడగవచ్చు. నేనూ అలాగే సర్దుకున్నాను. అందులో కొంత నిజం ఉంది, అందుకే ఆ సర్దుబాటు అంతకాలం నిలిచింది. ఇలాంటి పిల్లల్లో కొందరు ఎంత బాగా తిన్నా పొట్టిగానే ఉంటారు. ఇంకొందరికి తల ఒక్కటే చిన్నది, తిండికీ ఎదుగుదలకూ ఏ ఇబ్బందీ ఉండదు. అందుకని వయసుకు తగ్గ బరువు చూసి ఆగకూడదు. పొడవు కొలిచి, ఆ పొడవుకు తగ్గ బరువు ఉందో లేదో చూడాలి. కాళ్ళు బిగుసుకుపోయి సాగదీయలేకపోతే మోకాలి నుంచి మడమ దాకా కొలిచి అంచనా వేయవచ్చు. ఇవేమీ లేకపోతే దండ చుట్టూ ఒక టేపు చాలు. ఆరు నెలలు దాటిన బిడ్డకు దండ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గితే అది తీవ్రమైన పోషకాహార లోపం. తల పెద్దదా చిన్నదా అన్నదానితో ఆ కొలతకు సంబంధం లేదు. మా పాపకు పద్నాలుగో నెలలో 10.6 ఉంది. ఆ ఒక్కసారే కొలిచాను. కొలిచి, కార్డు మీద రాసి, ఫిట్స్ మందు మోతాదు మార్చి వచ్చేశాను.

మందు గురించి ఒకటి చెప్పాలి. ఫిట్స్ మందు వేసిన గంటకు బిడ్డ మగతగా ఉండేది. సరిగ్గా ఆ వేళకే జావ పెట్టేవాళ్ళం, ఏడవకుండా మింగుతుందని. మందు వేళ, తిండి వేళ కలవకుండా చూసుకోవాలని నేను చెప్పలేదు, నాకు తట్టలేదు.

పదహారు నెలల్లో అయిదుసార్లు నెమ్ము చేసింది. అయిదుసార్లూ నేనే చూశాను, అయిదుసార్లూ యాంటీబయాటిక్ రాశాను. తగ్గేది. తగ్గింది కాబట్టి సరైన వైద్యమే చేశాననుకున్నాను. ఒకే బిడ్డకు ఒకే జబ్బు అన్నిసార్లు ఎందుకు వస్తోందన్న ప్రశ్న వైద్య విద్యార్థి కూడా అడుగుతాడు. చలిగాలి తగిలిందన్నాం, తలంటు పోశారన్నాం, దిష్టి తీశాం. పొలమారడానికీ నెమ్ముకూ మధ్య ఉన్న దారి మూరెడు కూడా లేదు.

ముక్కులో గొట్టం వేసి కొన్నాళ్ళు పాలు పోద్దామా అన్న ఆలోచన ఒకసారి నాకు వచ్చింది. పైకే అన్నాను. ‘గొట్టం వేస్తే ఇక రోజులే అనుకుంటారు ఊళ్ళో’ అంది చెల్లెలు. సరేలే అన్నాను. పొట్ట దగ్గర చిన్న రంధ్రం చేసి నేరుగా తిండి పంపే పద్ధతి ఉందని, నోటితో చాలినంత తినలేని పిల్లలు దానివల్ల బరువు పెరుగుతారని, అది చివరి రోజుల వైద్యం కాదని చెప్పనే లేదు. వాళ్ళు ఒప్పుకోరని ముందే తీర్మానించుకున్నాను. వాళ్ళు కాదంటే ఆ బాధ్యత వాళ్ళది. నేను అడగకపోవడం వల్ల అది నాదే అయింది.

2012 ఆగస్టులో ఆరోసారి నెమ్ము చేసింది. ఈసారి తగ్గలేదు. పాపకు పదిహేడు నెలలు.

‘దానికి విముక్తి, తల్లికీ విముక్తి’ అన్నారు వచ్చినవాళ్ళు. నేను తలూపాను. మా మేనకోడలు ఎవరితోనూ మాట్లాడలేదు. పదో రోజు దాటాక నా దగ్గరకొచ్చి కూర్చుని ఒకే మాట అంది. ‘అత్తయ్యా, దానికి ఆకలేసేది. నాకు తెలుసు. నేను చెబితే మీరందరూ దానికేం తెలుస్తుంది అనేవాళ్ళు.’

ఆ మాటకు నేనేం జవాబు చెప్పానో నాకు గుర్తు లేదు. బహుశా ఏదో వైద్య భాషలో చెప్పి ఉంటాను.

ఆ తర్వాతైనా మారానా అంటే, వెంటనే మారలేదు. 2013 ఫిబ్రవరిలో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. అందులో పిల్లలకు పుట్టుకతో వచ్చే లోపాలు, పోషకాహార లోపాలు, జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యం, ఈ నాలుగూ చూడాలి. ఇవన్నీ ఒకే బిడ్డలో ఉండవచ్చని మేం అనుకోలేదు. తల చిన్నగా ఉన్న బిడ్డను లోపాల వరుసలో రాసుకుని, ఫిజియోథెరపీకి చీటీ ఇచ్చి పంపేవాళ్ళం. ఆ చీటీ మీద తిండి అన్న మాట ఉండేది కాదు. సదరం శిబిరాల్లో కూర్చుని ఎందరో పిల్లలకు వైకల్య శాతం రాశాను. పింఛనుకు శాతం కావాలి, బరువు అక్కర్లేదు, కాబట్టి త్రాసు ఎక్కించలేదు. మా ఆసుపత్రికి పోషకాహార లోపం ఉన్న పిల్లల కోసం వార్డు వచ్చింది, అందరూ ఎన్నార్సీ అనేవాళ్ళు. మెదడు దెబ్బతిన్న పిల్లలు అక్కడ రెండు వారాలుంచినా అనుకున్నంత బరువు పెరగరు, మా లెక్కలు దెబ్బతింటాయి. ‘ఇది మెదడు కేసు, మా దగ్గర కాదు’ అని పంపించేవాళ్ళం. ఆ వార్డు పెద్దను నేనే.

2016 ఫిబ్రవరి 1న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో జికా వైరస్ సోకిన తల్లులకు చిన్న తలలతో పిల్లలు పుడుతున్నారు. రెసిఫె నగరంలో ఒడిలో బిడ్డలతో వరుసగా కూర్చున్న తల్లుల ఫొటోలు మన పేపర్లలోనూ వచ్చాయి. దోమల గురించి రాశారు, ఒలింపిక్స్ గురించి రాశారు. నవంబరులో అత్యవసర పరిస్థితి ఎత్తేశాక ఫొటోలు కూడా ఆగిపోయాయి. ఆ మరుసటి ఏడు రెసిఫె డాక్టర్ల నివేదిక ఒకటి చదివాను. చూసింది కొద్దిమంది పిల్లల్నే, రాసింది కొద్ది పేజీలే. మూడో నెల దాటాక ఆ పిల్లలకు మింగడం కష్టమవుతోందని, తిండి గాలిగొట్టంలోకి పోతోందని అందులో ఉంది. నాలుక, దవడ, మెడ, వంగిపోయే వీపు. చదువుతుంటే మా చెల్లెలి వసారా కళ్ళ ముందు కనపడింది. ఆరేళ్ళ ముందు మా ఇంట్లో నేను కుర్చీ వేసుకుని చూసినదాన్నే వాళ్ళు శ్రద్ధగా చూశారు.

అదే ఏడు ఒక రోజు ఓపీలోకి వాడరేవు వైపు నుంచి ఒక మత్స్యకార కుటుంబం అమ్మాయి వచ్చింది. చంకలో రెండున్నరేళ్ళ బాబు. తల చూడగానే తెలుస్తోంది, కొలిస్తే 41 సెంటీమీటర్లు. కూర్చోలేడు, మాట లేదు. కానీ తొడల మీద కండ ఉంది. బరువు 9.8 కిలోలు. ఎందుకొచ్చిందంటే చెవిపోటు. నేను చెవి చూడకుండా ‘ఎలా పెడుతున్నావమ్మా వీడికి?’ అని అడిగాను. ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో ఆ ప్రశ్న మనసు పెట్టి అడగడం అదే మొదలు.

ఆ అమ్మాయి చూపించింది కూడా. గోడకు ఆనుకుని కూర్చుని, బాబును తొడ మీద నిటారుగా పెట్టుకుని, వీపు తన రొమ్ముకు ఆనించుకుంది. గడ్డం కొంచెం కిందికి ఉండేలా మోచేత్తో మెడ కాచింది. రాగిజావ ఎంత చిక్కగా చేస్తుందంటే చెంచా వంచినా వెంటనే జారదట. అందులో నెయ్యో నూనెనో ఒక చెంచా. గుడ్డు సొన, ముళ్ళు తీసి మెదిపిన చేప, పప్పు. చెంచా నాలుక మధ్యలో కాస్త అదిమి ఆగుతుంది. గొంతు కదిలిందో లేదో చూసి మళ్ళీ పెడుతుంది. కొంచెం కొంచెంగా రోజుకు ఏడుసార్లు. తిన్నాక అరగంట భుజాన వేసుకుని తిరుగుతుంది. ‘ఎవరు నేర్పారమ్మా?’ అన్నాను. ‘ఎవరు నేర్పుతారమ్మా? పడుకోబెట్టి పోస్తే ఉక్కిరిబిక్కిరై చచ్చిపోతాడని భయమేసింది. అందుకే కూచోబెట్టా’ అంది.

కొన్నాళ్ళు నేనొక ఊరట వెతుక్కున్నాను. ఈ బాబుకు జబ్బు తక్కువేమో, మా పాపకు ఎక్కువేమో, పోల్చకూడదేమో అని. నిజంగానే పోల్చకూడదు. అంత శ్రద్ధగా పెట్టినా బతకని పిల్లలున్నారు. నోటితో పెట్టడమే ప్రమాదమైన పిల్లలూ ఉన్నారు. మా పాప ఏ కోవలోదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. చెప్పలేకపోవడానికి కారణం మేం ఒక్కసారి కూడా ప్రయత్నించకపోవడం.

ఉద్యోగంలో మిగిలిన రెండేళ్ళూ ఓపీకి వచ్చిన ప్రతి చిన్న తల బిడ్డకూ త్రాసు, టేపు, గడియారం మూడూ వాడాను. చెప్పుకోవలసిన గొప్పేమీ కాదు, మొదటి రోజు నుంచీ చేయవలసిన పని. కొందరు పిల్లలు బరువు పెరిగారు. తలలు పెరగలేదు. నెమ్ములు తగ్గాయి, నవ్వే పిల్లలు కొంచెం ఎక్కువ నవ్వారు. పూట తిండి అరగంటలో ముగిసేసరికి ఒకరిద్దరు తల్లులు మళ్ళీ మిషను కుట్టుకోవడం మొదలుపెట్టారు. మా మేనకోడలికి ఈ సంగతులు నేను చెప్పలేదు. చెప్పే ధైర్యం రాలేదు. ఇది అచ్చయితే చదువుతుంది.

మా కుటుంబం సంగతి ఇక్కడికి ఎందుకు తెచ్చానంటే, ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదని నాకు తెలుసు కాబట్టి. ఇలాంటి బిడ్డ మీ బంధువుల్లో ఉండవచ్చు, వెనక గదిలో ఉండవచ్చు, పెళ్ళిళ్ళకు తీసుకురాకపోవచ్చు. ‘పాపం, ఇంతే’ అని మీరూ అని ఉంటారు. ఈసారి వెళ్ళినప్పుడు పళ్ళూ బిస్కెట్లూ ఇచ్చి లేచి రాకండి. తిండి వేళ దాకా కూర్చోండి. ఎంతసేపు పడుతోందో చూడండి, ఎన్నిసార్లు పొలమారుతోందో చూడండి. పొలమారితే నెత్తి మీద తట్టకండి. బిడ్డను నిటారుగా కూర్చోబెట్టండి. పెట్టడం ఆపి, ఊపిరి కుదుటపడే దాకా ఆగండి. మర్నాడు ఆ తల్లిని, బిడ్డను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి, మూడూ చెప్పండి: పూటకు ఎంతసేపు, రోజుకు ఎన్నిసార్లు పొలమారుతోంది, నెమ్ము ఎన్నిసార్లు చేసింది. ఆ డాక్టరు నాలాగా ‘ఇంతే’ అంటే, లేచి ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళండి.